లేతు మేస్త్రి మడతకత్తి

లేతు మేస్త్రికి నోటికన్నా ముందు చెయ్యి లేస్తుంది, లేతు మిషన్ల షెడ్డులోనైనా ఇంట్లోనైనా. పాత ఇనుము కొట్టులో తుప్పుపట్టిన గడ్డం గీసే మడతకత్తి కనిపిస్తే, కొట్టువాడి చొక్కా పట్టుకుని బేరం తెగ్గొట్టి మరీ తెచ్చుకున్నాడు. నెల్లాళ్లు రోజూ పొద్దున్నే కిరసనాయిలుతో తుప్పు వదిలించి, సానరాయి మీద నూరి, తోలుపట్టీ మీద పదును తేల్చాడు. ఆదివారం భార్య తమ్ముడొచ్చాడు. "ఈ నూరుడేదో అక్క కత్తిపీట మీద చూపిస్తే, ఈపాటికి మన భోజనాలయ్యేవి బావా," అని నవ్వుతూ, అదే కత్తితో తను తెచ్చిన పార్సిలు తాడు కోశాడు. మేస్త్రి పిడికిలి వాడి గడ్డం మీద పడింది. మూడో దెబ్బకి గడ్డం చీలి చొక్కా నిండా నెత్తురైంది. అడ్డొచ్చిన భార్యని ఒక్క తోపు తోస్తే వెళ్లి గోడకి కొట్టుకుంది.

ఆసుపత్రిలో కుట్లెయ్యాలంటే గాయం చుట్టూ గడ్డం తియ్యాలన్నారు. కాంపౌండరు బ్లేడు వెంట్రుకల్ని పీకుతుంటే బామ్మర్ది విలవిల్లాడాడు. "తప్పుకో," అని మేస్త్రి జేబులోంచి కత్తి తీసి స్పిరిటుతో తుడిచాడు. "కోపం తగ్గిందా బావా?" అన్నాడు బామ్మర్ది కళ్లు మూసుకుని. "కదలకు." రెండు వేళ్లతో చర్మం సాగదీసి, చీలిక అంచు దాకా, పసిపిల్లాడికి పుట్టువెంట్రుకలు తీసినట్టు గీశాడు. కొత్తగా ఒక్క చుక్క నెత్తురు రాలేదు. వాచిన మోచెయ్యి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ భార్య అంతసేపూ ఆ వేళ్లనే చూసింది.

"అయితే మెల్లగా ముట్టుకోవడం వచ్చన్నమాట మీకు," అంది.