కోట్జబ్యూకి గంట దూరం

మా తమ్ముడి భార్య అబిగేల్ అలాస్కాలో లెక్కల టీచరు. నేల అయిపోయి సముద్రం గడ్డకట్టే చోట, బారో అనే ఊళ్ళో ఉంటుంది. తమ్ముడు దైవాశీర్వాదం అలాస్కాలోనే కోట్జబ్యూ అనే ఇంకో ఊళ్ళో సైన్సు చెప్పేవాడు. వీసా ఇచ్చిన స్కూళ్ళు అవే. ఇద్దరికీ ఒకే ఊళ్ళో ఉద్యోగం దొరకలేదు.

ఉద్యోగాల కాగితాల మీద సంతకం పెట్టేముందు, ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఉన్న నాకు ఫోన్ చేశాడు మహానుభావుడు.

"దీనక్కా, వెబ్‌సైట్‌లో డిస్టెన్స్ చెక్ చేశాం. ఫ్లైట్‌లో గంట కూడా పట్టదంట. హైదరాబాద్ నుంచి వైజాగ్ అంతే. ప్రతి వీకెండ్ కలుసుకుంటాం."

"రోడ్డు లేదురా?"

"రోడ్డు లేదులే. ఫ్లైట్లు ఉంటాయిగా!"

ఉన్నాయి, నా మొహం! ఆ వెబ్‌సైటు రెండు విమానాశ్రయాల మధ్య తిన్నగా గీత గీసి దూరం చెప్పింది. ఆ గీత మీద విమానం తిరుగుతుందో లేదో వీళ్ళు చూసుకోలేదు. మనకెలా తడుతుంది? మన దగ్గర ఊరికీ ఊరికీ మధ్య బస్సు లేకపోతే ఆటో అయినా ఉంటుంది. ఇక్కడ ఇద్దరూ ఎక్కడో దక్షిణాన ఉన్న యాంకరేజ్‌కి దిగాల్సిందే.

అలా సెలవులకి యాంకరేజ్ ఎయిర్‌పోర్ట్‌లో సామాన్లు వచ్చే చోట కలుసుకునేవాళ్ళు. ఎప్పుడూ అబిగేలే ముందు వచ్చేది. మావాడి విమానం పొగమంచుకో, గాలికో ఆగిపోయేది. ఆమె కుర్చీలో కూర్చుని ఎదురుచూసేది. సాల్మన్ చేపతో పులుసు పెట్టి, స్టీలు డబ్బాలో గడ్డకట్టించి తెచ్చేది. అదంటే వాడికి ప్రాణం.

ఈ ఫిబ్రవరిలో క్లాసులోనే వాడికి గుండెనొప్పి వచ్చింది. అంబులెన్స్ విమానంలో యాంకరేజ్ ఆసుపత్రికి తెచ్చారు. నేను ఫీనిక్స్ నుంచి పరుగెత్తాను. బారోలో మంచు తుఫాను. విమానాలు కదల్లేదు.

అబిగేల్ ఫోన్ చేసింది. వాడి చెవి దగ్గర పెట్టాను.

"వచ్చేస్తున్నానండీ. గాలి తగ్గితే ఫస్ట్ ఫ్లైటే."

"కంగారు పడకు అబ్బీ. నేనెక్కడికి పోతాను?" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పోయాడు. ఫోన్‌లో నేనే చెప్పాను. "సరే వదినా" అంది. అంతే. మధ్యాహ్నానికి తుఫాను తెరిపిచ్చింది.

ఎయిర్‌పోర్ట్‌లో ఆమె కోసం ఎదురుచూస్తూ ఆ వెబ్‌సైటుని తిట్టాను, మావాణ్ణి తిట్టాను. దేవుణ్ణి కూడా తిట్టాను, మా చర్చిలో చెప్పకండి. నాకు ఏడుపు ఆగలేదు. అబిగేల్ మాత్రం మామూలుగానే నడిచి వచ్చింది. కళ్ళు పొడిగా ఉన్నాయి. బెల్టు మీది నుంచి పెట్టె తీసుకుంది. తెరిచి స్టీలు డబ్బా నా చేతిలో పెట్టింది. చల్లగా జివ్వుమంది.

"పులుసా? ఇప్పుడెందుకే తల్లీ?"

"మీరు ఫోన్ చేసేసరికి పొయ్యి మీద ఉంది వదినా. దింపేశాక ఏం చెయ్యాలో తెలీక డబ్బాలో పోశాను."

బయటికి పోదామని చెయ్యి పట్టుకున్నాను. కదల్లేదు. ఎప్పుడూ కూర్చునే కుర్చీ వైపు కాసేపు చూసింది.

"ప్రతిసారీ నేనే ముందొచ్చి కూర్చునేదాన్ని" అంది. "ఈసారి ఆయనే ముందొచ్చేశారు."