పది బొటనవేళ్లు

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో మా చర్చల వెబ్‌సైటుకు కాపలాదారులం ఇద్దరమే. కోరుట్లలో డీటీపీ షాపు నడుపుకునే నేను, జగిత్యాల కాలేజీలో పాఠాలు చెప్పే లెక్చరర్ సారు. బూతులు రాయొద్దు, అబద్ధాలు రాయొద్దు, ఉద్యమాన్ని వెనక్కి లాగొద్దు. అవీ మా నియమాలు. ఎవరి రాతైనా నచ్చకపోతే దాని కిందున్న బొటనవేలు గుర్తు నొక్కాలి. పదిమంది నొక్కితే ఆ రాత మాయం. అలా మూడుసార్లు మాయమైతే ఆ మనిషిని బయటికి పంపేది మేమే. పెళ్లి కార్డుల్లో అచ్చుతప్పులు దిద్దుకుని బతికే నాకు ఆ అధికారం బాగానే తలకెక్కింది. ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

దుబాయ్ నుంచి రాసే ఖాతా ఒకటి ఉండేది. ఒకరోజు ఉద్యమానికి జై కొట్టేది, మర్నాడు బంద్‌లతో ఏమొస్తుందని ఎగతాళి చేసేది. ఓసారి ఎంతో మర్యాద, ఓసారి బండబూతులు. అప్పటికే రెండు రాతలు మాయమయ్యాయి. మధ్యలో ఒకసారి తన తల్లి చనిపోయిందని, రాలేకపోతున్నానని రాస్తే అందరం ఓదార్చాం. నేనైతే కళ్లు తుడుచుకున్నాను కూడా.

రెండు నెలలకు అదే పేరు మీద ఇంకో రాత వచ్చింది. "మా అవ్వకు సీరియస్ ఉన్నది. రేపు పొద్దుగాల హైదరాబాద్‌ల దిగుతున్న. బంద్ గదా, కోరుట్లకు ఏ తొవ్వ తెరిచి ఉంటదో జర చెప్పుండ్రి."

నాకు ఒళ్లు మండిపోయింది. చనిపోయిన తల్లికి మళ్లీ సీరియస్ ఏమిటి? వెంటనే సారుకు ఫోన్ చేశాను.

"గీడు పోలీసోళ్ల మనిషే సార్. రోడ్డు ఎక్కడ బంద్ పెడుతున్నమో తెలుసుకుందామని సూస్తున్నడు."

"డౌటే లేదు తమ్మీ, తీసెయ్," అన్నారు సారు.

అప్పటికే తొమ్మిది వేళ్లు పడి ఉన్నాయి. పదోది నాది. ఆ వెంటనే ఖాతానే తీసిపారేశాను. మర్నాడు సిరిసిల్లలో రోడ్డు మీద వంటావార్పూ ఉందని నాకు తెలుసు. నడిరోడ్డులో పొయ్యిలు పెట్టి, వండి, బంతి భోజనాలు పెట్టి, సాయంత్రం దాకా బండిని కదలనివ్వరు. జగిత్యాల మీదుగా వచ్చే దారి మాత్రం ఖాళీ. ఆ ఒక్క ముక్క రాయడానికి నిమిషం పట్టేది కాదు.

వారం తిరక్కముందే ఒకతను షాపుకు వచ్చాడు. మాసిన గడ్డం, ఉబ్బిన కళ్లు. తల్లి దినాల కార్డులు కొట్టించాలన్నాడు. వివరాలు టైపు చేస్తూ, ఆఖరి చూపు దొరికిందా అని మాటవరసకు అడిగాను.

"యాడ దొరికిందే అన్నా. దుబాయ్ నుంచి ఉరికచ్చిన. సిరిసిల్లల పొద్దుగాల్ల ఆగిన కారు పొద్దుమూకినంక కదిలింది. నేనొచ్చేవరకు మా అవ్వ పానం పోయింది. నా పేరే తీసిందట."

నా వేళ్లు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

"తొవ్వ గురించి ముందుగాల ఎవరినన్న అడగకపోయినవా?"

"అడిగిన. నెట్‌ల ఉద్యమం బోర్డుల రాసిన. అక్కడ మా లేబర్ క్యాంపు రూంల ఎనిమిది మందిమి. ఒక్కటే ల్యాప్‌టాప్, ఒక్కటే పేరు. ఎవలకు తోస్తే వాళ్లు రాస్తరు. మొన్న ఒకాయన తల్లి సచ్చిపోతే గాయిన గూడ అండ్లనే రాసుకున్నడు. నేను తొవ్వ అడగంగనే పేరే తీసేసిండ్రు."

ఎనిమిది మంది! క్యాంపు గదుల్లో ఒకే గిన్నెలో కూర వండుకుంటారనీ, ఒకే ఫోన్ వంతులవారీగా వాడుకుంటారనీ దుబాయ్‌లో పనిచేసొచ్చిన మా బావ చెబితే ఎన్నిసార్లు వినలేదు? ఒకే పేరు పంచుకుంటారని నా బుర్రకెందుకు తట్టలేదు?

అతను ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. "అన్నా, నువ్వు కంప్యూటర్ల పనిజేస్తవు గదా. గా బోర్డోళ్లు ఎవలన్న ఎరుకుంటే చెప్పరాదు. మావోళ్లు తప్పు రాస్తే మాఫీ అడుగుతం. అక్కడున్నోళ్లకు ఊరి ముచ్చట్లు అండ్లనే తెలుస్తుండె."

"తీసేసింది నేనే," అన్నాను.

తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"ఎవలు నువ్వని ఒక్కమాట అడుగుతే చెప్తుంటి గదనే అన్నా," అన్నాడు.