పాచి కోసం కడియపులంక వెళ్తే

పోయినేడు మా ఇంటర్ పిల్లలు పాచి మొక్క బొమ్మ వేసి, సన్నటి కాడ చివరనున్న గుళికకి ‘పువ్వు’ అని పేరు రాశారు. ఒకరిద్దరు కాదు, క్లాసు క్లాసంతా! తప్పు నాదే, పాఠమంతా చార్టు చూపించి చెప్పాను. ఈసారి పూలమొక్కనీ పాచినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి, వాళ్ళ చేతికే ఇవ్వాలనుకున్నాను. ప్రాక్టికల్ సోమవారం. ఆదివారం పొద్దున్నే ఏడింటికి తణుకులో రాజమండ్రి బస్సెక్కాను. రావులపాలెం మీదుగా గంటన్నర ప్రయాణం, టికెట్ ఇరవై ఎనిమిది రూపాయలు. కడియపులంకలో దిగితే రోడ్డుకి రెండువైపులా నర్సరీలే.

శనివారం పొద్దున్నే ఒక నర్సరీ యజమాని సత్యనారాయణ గారికి ఫోన్ చేసి, “మీ తొట్ల మీద పాచి ఉంటుందాండీ?” అని అడిగాను. ఆ ఒక్క మాటే నా కొంప ముంచింది.

“రండి మేడమ్, చూస్కోండి! మీరు అడిగారని నిన్న నలుగుర్ని పెట్టి తొట్లన్నీ బ్రష్షులతో రుద్దించేశానండి. పాచి అన్నది కనపడితే అడగండి” అన్నారాయన నన్ను చూడగానే, గర్వంగా.

“నాకు కావాల్సింది ఆ పాచేనండీ!”

“దానికోసం తణుకు నుంచి వచ్చారా? చామంతులున్నాయి, గులాబీల్లో ఏ రంగు కావాలో చెప్పండి.”

నేను వినకపోయేసరికి, కొమ్మలకి అంట్లు కట్టడానికి వాడే, గుళికల్లేని ఎండునాచు గుప్పెడు తెచ్చి చేతిలో పెట్టారు. ఒళ్ళు మండిపోయింది. ఎండలో గంటసేపు తొట్లన్నీ తిప్పి తిప్పి చూశాను. అద్దంలా కడిగిపెట్టారు మహానుభావులు. రేపు మళ్ళీ ఆ చార్టే గతి అనుకుంటే ఏడుపొచ్చింది.

టీ తెచ్చిన ఆయన భార్య మంగమ్మ గారు సంగతి విని గొంతు తగ్గించారు. “అంట్లు తోముకునే చోట ఉందండి. మీకు కనపడకూడదని ఈయనే గోనె కప్పించారు.”

గోనె తీస్తే పచ్చగా, మెత్తగా, కాడల చివర ఆవగింజంత గుళికలతో నవనవలాడుతోంది!

“ఇది పూలు పుయ్యదాండి?” అనడిగారావిడ.

“లేదండి. పూలూ గింజలూ ఉండవు, సరైన వేళ్ళు కూడా ఉండవు. ఆ గుళికలోంచి పొడి రాలి, తడి ఉన్నచోట మళ్ళీ మొలుస్తుంది.”

“అందుకాండి! పదేళ్ళ నుంచి గీకుతున్నాను, పోదే! ఆ గులాబీకి రెండ్రోజులు నీళ్ళు మరిస్తే చాలు, తల వాల్చేస్తుంది.”

తిరుగు బస్సులో చామంతి మొక్క కాళ్ళ దగ్గర, పాచి ఒళ్ళో. పొద్దుటి కోపం రావులపాలెం దాకా ఉంది. అందులో సగం నా మీదే. ‘కావాలి’ అనాల్సిన చోట ‘ఉంటుందా’ అన్నాను మరి. సోమవారం మాత్రం ఒక్కరూ పువ్వు అని రాయలేదు. మీరూ పాచి కోసం బయల్దేరితే తడిగుడ్డ పరిచిన టిఫిన్ బాక్సు పట్టుకెళ్ళండి. ముందుగా ఫోన్ మాత్రం చెయ్యకండి.