భోగ్యం అన్న ఒక్క మాట

నేత్రావతికి కోపం ముక్కు మీదే ఉంటుందని బెంగళూరు కాటన్‌పేటలో అందరికీ తెలుసు. ఉండదా మరి? ముప్పై ఏళ్లుగా ఆమె బతుకుతెరువే ఎదుటివాళ్ల తప్పులు పట్టుకోవడం. పెళ్లిపత్రికలు అచ్చేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. తెలుగు, కన్నడం, ఇంగ్లీషు, మూడూ ఆమె చేతి మీదుగానే పోవాలి. సీసం అక్షరాల కాలంలో పనికి చేరింది కాబట్టి తిరగేసి ఉన్నదాన్నైనా, తలకిందులుగా ఉన్నదాన్నైనా గడగడా చదివేస్తుంది. ఒకసారి శుక్రవారం ముహూర్తం కాస్తా గురువారమని పడితే, నడుస్తున్న మిషన్ను ఆపించి యజమానినే దులిపేసింది. “ఈ పత్రిక పంచితే పెళ్లికొడుకు ఒకనాడు వస్తాడు, పెళ్లికూతురు ఒకనాడు వస్తాది. పప్పన్నం ఎవురు తింటారప్పా?” అని. ఆమె ఎర్ర పెన్నుతో గీత పెట్టిందంటే ఎంతటివాడైనా మార్చుకోవాల్సిందే. అడుగున ఆమె సంతకం పెట్టనిదే ఏ పత్రికా అచ్చుకు పోదు.

అలాంటి మనిషి ఇంటికి ఎసరు పెట్టింది ఒక్క మాట. అదీ తప్పు మాట కాదు.

భర్త నాగరాజ్ పోయి తొమ్మిదేళ్లు. అప్పటినుంచి నేత్రావతీ, అత్త పాపక్కా ఇద్దరే. వెంకటగిరియప్ప ఇంటి వెనకవైపు రెండు గదుల్లో పద్నాలుగేళ్లుగా భోగ్యానికి ఉన్నారు. భోగ్యమంటే బెంగళూరులో పుట్టి పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు గానీ, బయటివాళ్లకు చెప్పాలి. ఇంటాయన చేతిలో ఒక పెద్ద మొత్తం ఒకేసారి పెడతారు. ఇక నెలనెలా బాడుగ ఉండదు. ఖాళీ చేసేనాడు ఆ మొత్తం అణా పైసలతో తిరిగొస్తుంది. అంటే డబ్బు ఇచ్చినవాళ్లు ఇంట్లో ఉన్నవాళ్లు, పుచ్చుకున్నవాడు ఇంటాయన. ఇది గుర్తుంచుకోండి. పెద్ద బ్యాంకులకే ఇది గుర్తుండలేదు.

వెంకటగిరియప్ప ఇల్లు పడగొట్టి మూడంతస్తులు లేపుతానని చెప్పి, భోగ్యం డబ్బు ముందుగానే తిరిగిచ్చేసి, నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు. డబ్బు చేతికి రాగానే ఇద్దరి ఎదుటా భోగ్యం రాసుకున్న చీటీ చించేయడం ఆనవాయితీ. పాపక్కే తన చేత్తో నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో వేసింది. ఆ డబ్బంతా తీసుకుపోయి దొడ్డబళ్ళాపురంలో ఆదినారాయణప్ప అనే ఆయనకు ఇంటి అడ్వాన్సుగా ఇచ్చేశారు. చిన్న ఇల్లు. పక్కింట్లో మగ్గం మిషన్లు పొద్దస్తమానం టకటకలాడుతుంటాయి. పాపక్క పుట్టిల్లు మగ్గాల ఇల్లే. ఆ చప్పుడు వినగానే ముసలామె ముఖం వెలిగిపోయింది. మిగతా డబ్బు బ్యాంకు లోను. ఈ నెల ఇరవై ఎనిమిదో తేదీలోగా రిజిస్ట్రేషన్ కాకపోతే అడ్వాన్సు ఆదినారాయణప్పదే. అగ్రిమెంటులో అలాగే రాసుకున్నారు.

లోను మంజూరైందని ఉత్తరం వచ్చింది. నేత్రావతి అలవాటు కొద్దీ మూడుసార్లు చదివి, ఒక కామా తప్పు పట్టుకుని, ప్రెస్సులో అందరికీ మైసూరుపాకు పంచింది. ఆ తర్వాత ఒకనాడు, ఆమె ప్రెస్సులో ఉండగా, బ్యాంకు తరఫున ఒకావిడ వచ్చి ఇల్లు చూసి పోయింది. పదకొండు రోజులకు ఇంకో ఉత్తరం వచ్చింది. మంజూరు రద్దు. కారణం, వాస్తవాలు దాచిపెట్టడం.

ఆ ఉత్తరం పట్టుకుని ఆమె బ్యాంకులోకి ఎలా వెళ్లిందో చూసినవాళ్లు చెప్పాలి. గార్డు తలుపు తీయబోయి పక్కకు తప్పుకున్నాడట.

మేనేజరు గురుమూర్తి గుంటూరు వైపు మనిషి. బదిలీ మీద వచ్చి ఆరు నెలలైంది.

“కూర్చోండి మేడమ్. మీరు ఒక విషయం దాచారండీ.”

“ఏం దాచినాం సార్?”

“అది చెప్పకూడదండీ. ఫీల్డ్ రిపోర్టు. బయటివాళ్లకు చూపించం.”

చూపించని ఆ రిపోర్టు ఆయన మోచేతి కిందే ఉంది. నేత్రావతి కూర్చోలేదు. నిలబడే, తలకిందులుగా ఉన్న ఇంగ్లీషును రెండు క్షణాల్లో చదివేసింది. దరఖాస్తుదారు ప్రస్తుతం ఉంటున్న ఇల్లు తాకట్టులో ఉంది, ఈ అప్పు దరఖాస్తులో చూపలేదు.

“తాకట్టా? ఎవురిల్లు ఎవురు తాకట్టు పెట్టినారు సార్? ఇల్లే మాది కాకపోతే మేమెట్ల పెడతాం? మీ కుర్చీ తీసుకపోయి నేను మార్వాడీ అంగట్లో పెట్టేకి అయితాదా?”

గురుమూర్తి గబుక్కున రిపోర్టు తిరగేశాడు. “ఇంట్లో పెద్దావిడే స్వయంగా చెప్పారంటండీ. ఇంక మేమేం చేస్తాం?”

ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా అత్త మీద పడింది నేత్రావతి. “బ్యాంకు నుంచి వచ్చినామెకు ఏం చెప్పినావు? ఏం చెప్పినావో ఒక్క మాట పోకుండా చెప్పు!”

“ఏం చెప్పినా?” పాపక్క చిక్కుడుకాయలు ఒలుస్తూ తల కూడా ఎత్తలేదు. “బాడుగ ఎంత అనింది. బాడుగ లేదమ్మా, భోగ్యానికి ఉండాము అంటి. ఫోన్‌లో ఏందో కొట్టుకునింది. మజ్జిగ ఇస్తే తాగింది. పాయ.”

అప్పుడు అర్థమైంది నేత్రావతికి. ఆ వచ్చినావిడ పేరు అంబిక అని, ఆమె ఇచ్చిపోయిన కార్డులో ఉంది. బ్యాంకు తరఫున ఇళ్లు చూసి రిపోర్టులు రాసే కంపెనీలో పనిచేస్తుంది. ఫోన్ చేస్తే ఏ మాత్రం తడబడకుండా చెప్పింది: “ఫోన్‌లో భోగ్య అని కొట్టి ఇంగ్లీషులో చూసినా మేడమ్, మార్ట్‌గేజ్ అని వచ్చింది. అదే రాసినా. దినానికి పన్నెండిళ్లు చూడాల నేను, కూర్చుని పురాణాలు వినేకి టైమ్ ఎక్కడుంది?” అని పెట్టేసింది. రిజిస్టరాఫీసు పాత దస్తావేజుల్లో భోగ్యమంటే నిజంగానే ఒక రకం తాకట్టు. కాకపోతే అక్కడ అప్పుపడేది ఇంటాయన. ఇచ్చినవాళ్లను పుచ్చుకున్నవాళ్లుగా రాసి పారేసింది మహాతల్లి.

ఆ కోపమంతా మళ్లీ పాపక్క మీదికే తిరిగింది. ఎదురుగా ఉన్నది ఆమే కదా.

“ఫారంలో నేను బాడుగ అని రాసుండా. నువ్వూ బాడుగ అని ఉంటే నీ నోరు అరిగిపోతుండెనా?”

“బాడుగ కట్టందాన్ని బాడుగని యాలా చెప్పాల?”

“నీ సత్యం పాడుగాను! ఇంటిని మింగేస్తివి కదత్తా!”

“తప్పు చెప్పింటే అను, పడతాను. నేను ఏం తప్పు చెప్పినా? నువ్వు చెప్పు, దిద్దేదానివి కదా నువ్వు.”

నేత్రావతి గిన్నెలు నేలకేసి కొట్టింది. ఆ పూట ఇద్దరూ తిండి ముట్టలేదు.

మరునాడు వెంకటగిరియప్ప దగ్గరికి పోయింది. వీళ్లు భోగ్యానికి ఉన్నారు, అప్పు ఏమీ లేదు అని రెండు వాక్యాలు రాసిస్తే చాలు. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

“అమ్మా, ఆ డబ్బు నేను యా లెక్కలోనూ చూపించలేదు. రాసిచ్చి ఇన్కమ్ ట్యాక్సోళ్లను ఇంటికి పిలిపించుకోమంటావా?”

“పద్నాలుగేండ్లు మా డబ్బు వాడుకుంటివి కదన్నా. ఒక్క ముక్క రాసేకి నీ చెయ్యి పడిపోతాదా?”

“చీటీ చించేస్తిమి. ఇంగ నాకూ మీకూ ఏముండాది? నెలాఖరుకు ఖాళీ చేయండి.”

ఆదినారాయణప్పకు ఫోన్ చేసి పదిహేను రోజులు గడువడిగితే, “అగ్రిమెంటులో తేదీ మీరే కదమ్మా దిద్ది ఇచ్చింది, ఇరవై ఏడు తప్పు, ఇరవై ఎనిమిది అని,” అని నవ్వాడు. ఆ నవ్వుకు నేత్రావతికి ఒళ్లు మండిపోయింది. ఉన్న ఇల్లు పోతోంది, కొనబోయే ఇల్లు పోతోంది, పద్నాలుగేళ్ల డబ్బూ పోతోంది. తప్పు ఎవరిదంటే మాత్రం ఎవరిదీ కాదు!

ఇరవై ఆరో తేదీన గురుమూర్తే పిలిపించాడు. అత్తగారిని కూడా తీసుకురమ్మన్నాడు. కేసు తెరవడానికి దారి ఉందన్నాడు. రిపోర్టు తప్పని బ్యాంకు రాయదు. కంపెనీ ఒప్పుకోదు. ఇంట్లోవాళ్లే తప్పు చెప్పామని రాసిస్తే మాత్రం ఒక్కరోజులో మంజూరు. ఉత్తరం ఇంగ్లీషులో టైపు చేయించి సిద్ధంగా పెట్టాడు. కింద రెండు గీతలు. ఒకటి పాపక్క సంతకానికి, ఒకటి సాక్షిగా నేత్రావతికి.

“ఏమని రాసుండారు? చదివి చెప్పు,” అంది పాపక్క.

నేత్రావతి చదివింది. చదివి, మాట మార్చకుండా తెలుగులో చెప్పింది. “‘పాపక్క అను నేను, వయసు మీరి మతిస్థిమితం లేనందువల్ల, బ్యాంకు వారికి అబద్ధపు సమాచారం ఇచ్చితిని.’”

పాపక్క ఆ కాగితాన్ని వేలితో దూరంగా జరిపింది.

“మతి లేని మనిషి సంతకం ఎట్ల చెల్లుతాది సార్?” అని అడిగింది నేత్రావతి. గొంతు లేచింది. “మీ ఉత్తరంలోనే తప్పుండాది. ఆమె చెప్పింది నిజం. రాసుకున్నోళ్లది తప్పు.”

“అది ఫార్మాట్ అండీ. ఒక్క అక్షరం మారినా హెడ్డాఫీసు వెనక్కి పంపుతుంది. ఎల్లుండేగా మీ రిజిస్ట్రేషను? మీ ఇష్టం.”

నేత్రావతి చేతిలోకి ఎర్ర పెన్ను ఎప్పుడొచ్చిందో ఆమెకే తెలియదు. మూత తీసి ఉంది. పాపక్క ఆ పెన్ను వంకే చూస్తోంది. ముసలామె ముఖంలో బెరుకు లేదు. తన కోడలు తప్పును పోనివ్వదని ఆమెకు తెలుసు. ముప్పై ఏళ్లుగా కాటన్‌పేటంతటికీ తెలుసు. వారం రోజులు ఇంట్లో ఎన్ని తిట్టుకున్నా, పరాయివాడి ముందు మాత్రం ఆ గీత పడుతుందనే నమ్మింది. ఆ ఉత్తరం మీద కొట్టేయాల్సిన ముక్క కూడా చిన్నదే.

ఏసీ చల్లగా కొడుతోంది. బయట కౌంటరులో ఎవరో టోకెన్ నంబరు పిలిచారు. నేత్రావతికి మగ్గాల చప్పుడు గుర్తొచ్చింది, నెలాఖరుకు రోడ్డు మీద పడబోయే సామాన్లు గుర్తొచ్చాయి, నవ్వే ఆదినారాయణప్ప గుర్తొచ్చాడు. పెన్నుకు మూత పెట్టి సంచిలో వేసుకుంది.

“పెట్టత్తా,” అంది.

పాపక్క ఆమె సంచి వంక చూసింది. తర్వాత గురుమూర్తి ఇచ్చిన నీలం పెన్ను తీసుకుని, ఒత్తులు దీర్ఘాలు ఎక్కడా తప్పకుండా, గుండ్రంగా సంతకం పెట్టింది. ఆ కింద నేత్రావతి పెట్టింది. ఉత్తరం హెడ్డాఫీసుకు పోయింది. లోను వచ్చింది. ఇల్లూ వచ్చింది.

దొడ్డబళ్ళాపురం చేరి రెండు నెలలైంది. పాపక్క పొద్దంతా వాకిట్లో కూర్చుని మగ్గాల చప్పుడు వింటుంది. కోడలితో అవసరానికి మించి మాట్లాడదు. పప్పులో ఉప్పు సరిపోయిందా అత్తా అంటే, “నాకేం తెలుసు, నీకే తెలియాల,” అంటుంది. నేత్రావతి మొదట అరిచింది, తర్వాత బతిమాలింది, ఇప్పుడు రెండూ మానేసింది.

ఒక ఆదివారం గేటు చప్పుడైంది. ఇంటికి నిజంగా మారారో లేదో చూసి రాసుకోవడానికి బ్యాంకు మళ్లీ మనిషిని పంపింది. అదే అంబిక. అదే ఫోను. కాకపోతే ఈసారి నవ్వుతూ వచ్చింది.

“అవ్వా, బాగుండారా? ఇది సొంతిల్లేనా?”

పాపక్క నింపాదిగా కొంగు సర్దుకుంది.

“నాకు మతి లేదమ్మా. మీ బ్యాంకులోనే రాసుండారు, పోయి చూసుకో. మా కోడలు సాక్షి సంతకం కూడా పెట్టింది.”

వంటింట్లో కూర కలుపుతున్న నేత్రావతి అంతా విన్నది. దిద్దడానికి అందులో ఒక్క తప్పూ లేదు.