నీకేం కావాలి అని అడిగిన మనిషి

మా డిపార్ట్‌మెంట్ ఆంటీ పోయారు. పాత విద్యార్థులకు యూనివర్సిటీ పంపే ఈమెయిల్ చూసి ఆ సంగతి తెలుసుకున్నాను. పార్కింగ్ డెక్‌కి మరమ్మతులు జరుగుతాయన్న నోటీసుకీ, వేసవి పిక్నిక్‌కి పేర్లివ్వమన్న నోటీసుకీ మధ్య ఆవిడ గురించి నాలుగు వాక్యాలు ఉన్నాయి. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. "తల్లులైన విద్యార్థినులకు అలుపెరగని అండ, అందరికీ ఆత్మీయురాలు" అని రాశారు. నార్త్ కరోలినాలోని క్యారీలో, మా ఆఫీసు ముందు కార్లో కూర్చుని చదివాను. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు ఒళ్ళు మండింది.

ఎందుకంటే ఆ అలుపెరగని అండకి ఇదే యూనివర్సిటీ ఒకప్పుడు హెచ్చరిక లేఖ ఇచ్చింది. ఆ లేఖ నేను చదివాను. అందులో నా పేరు లేదు గాని కారణం నేనే.

ఆంటీ ప్రొఫెసర్ కారు. మా బయోస్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్ ఆఫీసులో ఫారాలు చూసే ఉద్యోగం ఆవిడది. తెనాలి దగ్గర నుంచి పెళ్ళయ్యాక వచ్చి ముప్పై ఏళ్ళకు పైగా ఈ ఊళ్ళోనే ఉన్నారు. కాటన్ చీర మీద స్వెట్టర్, కాళ్ళకి నడక బూట్లు. తెలుగు పిల్లలం ఆంటీ అంటుంటే విని, అర్థం తెలియకపోయినా, చైనా పిల్లలూ కొరియా పిల్లలూ కూడా ఆంటీ అనే పిలిచేవారు. ఎవరైనా గొప్పగా మాట్లాడటం మొదలుపెడితే ఆవిడ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకునేవారు. మాట పూర్తయ్యేదాకా తుడుస్తూనే ఉండేవారు. ఆవిడ తిరస్కారానికి అదే గుర్తని డిపార్ట్‌మెంట్ అంతటికీ తెలుసు.

నేను రెండో సెమిస్టర్‌లో ఉండగా గర్భవతినయ్యాను. పెళ్ళి కాలేదు. బిడ్డ తండ్రి కూడా మన తెలుగువాడే, నాతోపాటే ఎమ్మెస్. చెప్పగానే వాడు అన్న మొదటి మాట, "నీ ఇష్టం. నువ్వేం డిసైడ్ చేసినా నేను సపోర్ట్ చేస్తా." మర్నాటికల్లా క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ బుక్ చేసి లింక్ పంపించాడు. ఇప్పుడు శాంటా క్లారాలో ఉన్నాడు. వాడి గురించి ఇంతకంటే రాయడం కాగితం దండగ.

నా రీసెర్చ్ గైడ్ కూడా నా ఇష్టమేనన్నాడు. వచ్చే ఏడాది ప్రాజెక్టులో మాత్రం "ఫుల్ ఫోకస్" ఉన్నవాళ్ళే కావాలన్నాడు. యూనివర్సిటీ కౌన్సెలర్ ఎంతో మెత్తగా నవ్వుతూ, "ఇది పూర్తిగా నీ నిర్ణయం" అని మూడు కాగితాలు చేతిలో పెట్టింది. మూడూ క్లినిక్ గురించే. "ఉంచుకుంటే ఎక్కడుండాలి? గ్రాడ్ హాస్టల్‌లో పిల్లల్ని ఉండనివ్వరు కదా? వీసా సంగతేంటి?" అని అడిగాను. దానికి తన దగ్గర వివరాలు లేవంది. నవ్వు మాత్రం అలాగే ఉంది. గోడ మీద పిడికిలి బిగించిన అమ్మాయి బొమ్మ కూడా ఉంది.

అక్కడి నుంచి నేరుగా ఆంటీ దగ్గరికి వెళ్ళి, చదువు మానేయడానికి ఫారం ఇమ్మన్నాను.

"ఎందుకు?"

చెప్పాను. ఆవిడ ఫారం తీసి బల్ల మీద పెట్టి, దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు.

"వాడేమన్నాడు, వీడేమన్నాడు అన్నీ చెప్పావు. నీకేం కావాలి?"

ఏడుపొచ్చింది.

"ఏడుద్దువుగాని. ముందు చెప్పమ్మాయ్."

"రెండూ కావాలి ఆంటీ."

"అయితే రెండూ అడుగు. మీ క్లాసులో ఆ సియాటిల్ పిల్లాడికి కిందటి నెల కొడుకు పుట్టాడు. అందరూ కేక్ కట్ చేశారు. చదువు కావాలా, బిడ్డ కావాలా అని వాణ్ణెవరైనా అడిగారా?" అని ఆ ఫారం మళ్ళీ డ్రాయర్‌లో పెట్టేశారు.

వీసా మీద ఉన్నవాళ్ళు కూడా డాక్టర్ ఉత్తరం ఉంటే తక్కువ కోర్సులు తీసుకోవచ్చని నాకు ఆవిడే చెప్పారు. ఆ మాట చెప్పాల్సిన ఆఫీసు వాళ్ళు చెప్పలేదు. ఇండియాలో అమ్మ నాతో మాట్లాడటం మానేసిన నెలల్లో నన్ను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది కూడా ఆంటీయే. హైవే మీద మరీ నెమ్మదిగా డ్రైవ్ చేసేవారు. వెనక నుంచి ఎవడైనా హారన్ కొడితే, "వెళ్ళు నాయనా, నువ్వెళ్ళి దేశాన్ని ఉద్ధరించు" అని పక్కకి జరిగేవారు.

ఎనిమిదో నెలలో ఫైనల్ పరీక్ష వచ్చింది. హాల్లో కుర్చీలకి రాసుకునే పలక బిగించి ఉంటుంది. నా పొట్ట పట్టలేదు. ఇన్విజిలేటర్ పాపం, పక్కకి తిరిగి కూర్చోమన్నాడు. మూడు గంటలు పక్కకి తిరిగి ఎలా రాయను? పది నిమిషాల తర్వాత తలుపు తెరుచుకుంది. ఆంటీ, ఇద్దరు కొరియా అమ్మాయిలు కలిసి డీన్‌గారి మీటింగ్ గదిలోంచి పొడవాటి టేకు బల్ల మోసుకొస్తున్నారు. వెనకాలే డీన్‌గారి సెక్రటరీ పరిగెత్తుకొచ్చింది. పన్నెండింటికి బోర్డు మీటింగ్ ఉందని ఆవిడ గోల.

"నిలబడి చేసుకోమనండి. వాళ్ళెవరికీ పొట్ట అడ్డు రాదుగా" అన్నారు ఆంటీ ఇంగ్లీషులో.

డీన్‌గారు సాయంత్రం ఆంటీని పిలిపించారు. నన్ను కూడా రమ్మన్నారు. ఈ యూనివర్సిటీ ప్రతి స్త్రీ ఛాయిస్‌నీ గౌరవిస్తుందని ఆయన మొదలుపెట్టగానే ఆంటీ కళ్ళద్దాలు ఒళ్ళోకి వచ్చాయి. తుడిచి, పెట్టుకుని, అప్పుడన్నారు.

"ఒక తలుపు తెరిచి, మిగతావన్నీ తాళాలేసి, ఎటైనా వెళ్ళమ్మా నీ ఇష్టం అంటున్నారు మీరు. దాన్ని గౌరవం అనకండి సార్. అక్కడ ఆ పిల్ల కూర్చోడానికి కుర్చీ లేదు."

ఆయన నోట్ చేసుకుంటానన్నారు. పెన్ను మాత్రం తియ్యలేదు.

పాప పుట్టింది. సెమిస్టర్ మొదలయ్యాక పాలు పిండుకోడానికి చోటు లేక రెండు వారాలు టాయిలెట్‌లో కూర్చున్నాను. ఆంటీకి తెలిసి తిట్టారు. "అన్నం టాయిలెట్‌లో తింటావా? మరి నీ కూతురి అన్నం అక్కడెందుకు?" ఆ రోజే ప్రింటర్ కాగితాలుంచే స్టోర్ గది ఖాళీ చేసి కుర్చీ వేశారు. తలుపుకి "ఇన్వెంటరీ జరుగుతోంది, లోపలికి రావద్దు" అని బోర్డు తగిలించారు. ఉదయం పదకొండుకి, మధ్యాహ్నం మూడుకి, ఏడాదిపాటు రోజూ మా డిపార్ట్‌మెంట్‌లో కాగితాల లెక్క చూడటం జరిగింది. నా తర్వాత ఇంకో ఇద్దరు వచ్చారు. చివరికి ఎవరో పెద్ద ప్రొఫెసర్‌కి స్టేప్లర్ పిన్నులు దొరకలేదు. అలా వచ్చింది హెచ్చరిక లేఖ, గదిని అనుమతి లేకుండా వాడినందుకు. కొన్నేళ్ళకి అదే యూనివర్సిటీ మెత్తటి సోఫాలతో తల్లులకో గది కట్టించి రిబ్బన్ కత్తిరించింది. ఆంటీని పిలవలేదు. ఆవిడ అప్పటికింకా అదే భవనంలో, రెండంతస్తుల కింద, ఫారాలు చూస్తూనే ఉన్నారు.

ఆవిడ తను ఫెమినిస్టుననే చెప్పుకునేవారు. గర్భస్రావానికి వ్యతిరేకిననీ చెప్పేవారు. ఆ రెండు మాటలూ ఒక్క నోట విని మొహం చిట్లించినవాళ్ళని చాలామందిని చూశాను. కాలేజీ అమ్మాయి ఒకతె, "మీరు ఆడవాళ్ళకి శత్రువులు ఆంటీ" అంది. "కావచ్చు. మొన్న మీ మీటింగ్‌కి ఈ పిల్ల బిడ్డనెత్తుకుని వస్తే డిస్టర్బెన్స్ అని బయటికి పంపావుగా, నువ్వు స్నేహితురాలివి" అన్నారు ఆంటీ నన్ను చూపిస్తూ. యూనివర్సిటీ గేటు దగ్గర అబార్షన్ పాపమని పేద్ద పోస్టర్లు పట్టుకుని నిలబడే మగవాళ్ళంటే ఆవిడకి ఇంకా అసహ్యం. ఒకాయన దగ్గర ఆగి, "మంగళవారం రెండు నుంచి అయిదు దాకా ఖాళీగా ఉంటారా?" అని అడిగారు. ఎందుకన్నాడాయన. "ఈ అమ్మాయికి ల్యాబ్ ఉంది. బిడ్డనెత్తుకునేవాళ్ళు కావాలి. మీకు బిడ్డలంటే ఇంత ప్రేమ కదా." ఆయన ఒక కరపత్రం ఇచ్చాడు. ఆంటీ దాని వెనకవైపు కూరగాయల లిస్టు రాసుకున్నారు. మంగళవారాలు పాపని ఆవిడే చూసుకున్నారు, తన బల్ల కింద దుప్పటి పరిచి.

తన సంగతి ఒక్కసారే చెప్పారు, పాపకి టీకాలు వేయించుకుని వస్తుండగా. ఇండియన్ స్టోర్ ముందు కారు ఆపి, దిగకుండా స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నారు.

"నేనూ ఇక్కడ ఎమ్మెస్ చెయ్యడానికే చేరానమ్మా. కెమిస్ట్రీ. మొదటి ఏడాదే కడుపొచ్చింది. మా గైడు ఆ సంగతి చూసుకుని రమ్మన్నాడు. మీ అంకుల్ నీ ఇష్టం అన్నారు. డాక్టరూ నీ ఇష్టమే అంది. నన్నెవరూ బలవంతం చెయ్యలేదు. నీకేం కావాలే అని కూడా ఒక్కరూ అడగలేదు. వెళ్ళొచ్చాను. సోమవారం ల్యాబ్‌లో నిలబడ్డాను. నా చేతిలో ఫ్లాస్క్ ఎందుకుందో అర్థం కాలేదు. ఆ సెమిస్టర్‌తో మానేశాను. ఏ చదువు కోసమన్నారో ఆ చదువు కూడా మిగల్లేదు."

స్టీరింగ్ వదలకుండానే ఆవిడ మళ్ళీ అన్నారు.

"బిడ్డని తీసేసుకొస్తే గాని ఆడదాన్ని కూర్చోనివ్వని చోటు, ఆడదాని కోసం కట్టింది కాదమ్మాయ్. దాన్ని మార్చమని అడగాలి గాని, మనం మారి వెళ్ళి కూర్చోవడమేంటి?"

తర్వాత దిగి కొత్తిమీర కొన్నారు. కొడుకు ఆ తర్వాత ఏడేళ్ళకు పుట్టాడట.

ఆవిడని ఎరగనివాళ్ళు ఇక్కడొకటి తప్పుగా అనుకుంటారు. హాస్టల్ వదిలి నేను చేరిన అద్దె ఇంట్లో నా రూమ్మేట్ ఆ తర్వాతి ఏడాది ఇదే పరిస్థితిలో పడి, వద్దనుకుంది, వెళ్ళొచ్చింది. ఆంటీకి చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. ఆవిడకెలా తెలిసిందో తెలిసింది. మర్నాడు మా గుమ్మంలో చారు క్యారేజీతో నిలబడ్డారు. రూమ్మేట్ దుప్పటిలోంచే, "మీకిది తప్పు కదా ఆంటీ" అంది.

"నేను ఒప్పుకోనని నీకు తెలుసు. నువ్వు నిన్నటి నుంచి తినలేదని నాకు తెలుసు. లే."

పక్కనే కూర్చుని తినిపించారు. ఆ అమ్మాయి మీద ఒక్క మాట తూలలేదు, అప్పుడూ, తర్వాతా. ఆవిడ తిరస్కారమంతా పైనున్నవాళ్ళ కోసమే దాచిపెట్టుకున్నారు.

నాకూ అందులో వాటా దక్కింది. నేను ఫార్మా కంపెనీలో చేరి, మేనేజర్‌నయ్యాను. కిందటేడు మా టీమ్‌లో ఒక ఇంటర్న్, ఇంకా కాలేజీ పూర్తికాని అమ్మాయి, తను గర్భవతినని చెప్పింది. నేనన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "కంగ్రాట్స్! అక్టోబర్‌లో మన రిపోర్ట్ డెడ్‌లైన్ ఉంది కదా, ఎలా ప్లాన్ చేద్దామనుకుంటున్నావ్? నీ ఇష్టం." ఆ సాయంత్రం ఆంటీకి ఫోన్ చేసి, టీమ్ కష్టాల గురించి చెబుతున్నట్టే చెప్పాను. అవతల నుంచి ఎంతకీ మాట రాలేదు. కళ్ళద్దాలు తుడుస్తున్నారని నాకు తెలుసు.

"మేనేజర్‌వయ్యావన్నమాట" అన్నారు చివరికి. ఫోన్ పెట్టేశారు.

నన్నెవరూ అంతగా తిట్టలేదు. మర్నాడు ఆ అమ్మాయిని పిలిచి, ఆలస్యంగానే, నీకేం కావాలని అడిగాను. తను ఒక కాగితం తీసింది. రాసుకునే ఉంది. ఇంటి నుంచి పని, డిసెంబర్ దాకా సెలవు, తర్వాత మళ్ళీ అదే ఉద్యోగం. మా డైరెక్టర్‌తో మూడుసార్లు పోట్లాడాను. రిపోర్టు నాలుగు వారాలు ఆలస్యమైంది. ఎవరూ చచ్చిపోలేదు. ఈ సంగతి ఆంటీకి చెబితే, "ఊఁ" అన్నారు. ఆవిడ నాకిచ్చిన అతిపెద్ద మెప్పు అదే.

అంత్యక్రియలు మొన్న శనివారం జరిగాయి. ఆంటీ కొడుకు వర్జీనియాలోని ఆష్‌బర్న్ నుంచి వచ్చి అన్నీ చూసుకున్నాడు. ఫ్యూనరల్ హోమ్‌లో కుర్చీలు చాలలేదు. నాకు తెలియని ఆడవాళ్ళు ఎందరో వచ్చారు. కొందరి పిల్లలు నా కూతురి కంటే పెద్దవాళ్ళు, కొందరి పిల్లలు ఇంకా చంకలోనే ఉన్నారు. ఇన్నేళ్ళలో ఇంతమందా అనుకున్నాను. మా అందరి వంకే చూస్తూ, వేదిక దగ్గర, యూనివర్సిటీ తరఫున వచ్చిన సూటాయన ఉపన్యాసం మొదలుపెట్టాడు. కరుణ, నిబద్ధత, వారసత్వం. అతనెవరో గాని ఆంటీని ఒక్కసారి కూడా చూసి ఉండడు. పేరు పలకడానికి రెండుసార్లు కాగితం చూసుకున్నాడు.

మూడో వరసలో ఒక పసిబిడ్డ ఏడవడం మొదలుపెట్టింది. అతను గొంతు పెంచాడు. బిడ్డ ఇంకా పెంచింది. అతను ఆగి, ఓపికగా నవ్వుతూ, ఆ తల్లి వైపు చూశాడు, లేచి బయటికి తీసుకెళ్తుందని. ఆ అమ్మాయికి ఇరవై ఏళ్ళుంటాయేమో, సిగ్గుపడి లేవబోయింది. పక్కనున్న ముసలామె ఆమె మోకాలి మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. వెనక వరసల్లో కూడా ఒక్కరూ కదల్లేదు. మేమందరం అతని వైపే చూస్తూ కూర్చున్నాం. అతను కాసేపు కాగితం సర్దుకుని, దాన్ని రెండుగా మడిచి జేబులో పెట్టుకుని దిగిపోయాడు.

బిడ్డ ఇంకా చాలాసేపు ఏడ్చింది, గొంతు నిండా, ఆ హాలంతా తనదే అన్నట్టు.