నోటిమాటగా ఇచ్చిన అనుమతి

2017 జూన్‌లో నేను మెల్‌బోర్న్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో, రాజనీతిశాస్త్ర విభాగంలో సీనియర్ లెక్చరర్‌ని. ఆ నెలలో పరిశోధన నిబంధనల కార్యాలయం నుంచి మూడు ప్రశ్నలతో ఒక లేఖ వచ్చింది. మూడో ప్రశ్నకు మాత్రమే జవాబు రాసి పంపాను. రాసిన వాక్యంలో అబద్ధం లేదు. కానీ మిగతా రెండింటికీ జవాబు నాకు తెలుసు, తెలిసీ రాయలేదు. దానివల్ల నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న నస్రీన్ చదువు ఆగిపోయింది.

ముందు నా సబ్జెక్టు గురించి కొంత చెప్పాలి. జిహాద్ పేరుతో నడిచే ఆధునిక సాయుధ ఉద్యమాల చరిత్ర నేను పదహారేళ్లు బోధించాను. ఇదేదో వెయ్యేళ్ల నాటి పగ అనుకుని వచ్చే విద్యార్థులకు మొదటి వారంలోనే చెప్పేవాణ్ణి, ఈ భావజాలం వయసు మన రైళ్ల వయసు కంటే తక్కువని. వలస పాలనలో తిన్న దెబ్బ, స్వాతంత్ర్యం వచ్చాక సొంత ప్రభుత్వాలే పెట్టిన జైళ్లు, ఆ జైళ్లలో చిత్రహింసల మధ్య రాసిన రాతలు, ఇరవయ్యో శతాబ్దపు విప్లవ పార్టీల నుంచి అరువు తెచ్చుకున్న రహస్య దళాల పద్ధతి, ఇవన్నీ కలిసి పుట్టిన సరుకు అది. పాత ధర్మశాస్త్రంలో యుద్ధానికి షరతులుండేవి. పాలకుడు ప్రకటించాలి. సమాజం తరఫున కొందరు వెళ్తే మిగతావాళ్ల బాధ్యత తీరిపోయేది. వెళ్లేవాడు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి. సోవియట్ సేనల మీద నడిచిన అఫ్గాన్ యుద్ధకాలంలో వచ్చిన కరపత్రాలు ఈ షరతులను పక్కకు నెట్టాయి. ఇది ప్రతి మనిషి సొంత బాధ్యత, ఎవరి అనుమతీ అక్కర్లేదన్నాయి. సంప్రదాయ పండితుల్లో చాలామంది ఒప్పుకోలేదు. కానీ వాళ్ల ఖండన కంటే కరపత్రం వేగంగా తిరిగింది.

నస్రీన్ పరిశోధన సరిగ్గా దీని మీదే. ఆ అనుమతులు ఒక్కొక్కటిగా ఎలా రాలిపోయాయి, సిరియా యుద్ధకాలంలో ఇంగ్లీషులో వచ్చిన ప్రచార పత్రికల దాకా వచ్చేసరికి అందులో ఏం మిగిలింది అన్నది ఆమె ప్రశ్న. ఆమెది నంద్యాల. తండ్రి హైస్కూల్లో లెక్కల మాస్టారు. ముప్ఫై ఏళ్ల వయసులో స్కాలర్‌షిప్ మీద, విద్యార్థి వీసాతో వచ్చింది. ఈ అంశమే ఎందుకని మొదటి రోజు అడిగితే, ఎక్కడికి పోయినా మీవాళ్లు ఇట్లెందుకు చేస్తారని తననే అడుగుతారని, జవాబు తనకూ తెలియదని, తెలుసుకుందామని వచ్చానని చెప్పింది.

ఆ ప్రచార పత్రికలు దగ్గర పెట్టుకోవడమే నేరం కింద చూసే రోజులవి. పరిశోధనకు వెసులుబాటు ఉంది, కానీ అది పరిశోధనే అని చూపించే కాగితం కావాలి. అందుకే మా విశ్వవిద్యాలయంలో ఒక ఫారం ఉండేది. పర్యవేక్షకుడు, విభాగాధిపతి, నిబంధనల కార్యాలయం, మూడు సంతకాలూ పడ్డాకే విద్యార్థి మొదటి ఫైలు తెరవాలి. తెరిచినా, నెట్‌తో సంబంధం లేని కంప్యూటర్‌లో, తాళం వేసిన గదిలో. ఆ ఫారం తయారుచేసిన కమిటీలో నేనూ ఒకణ్ణి.

మార్చిలో ఒక ఆదివారం నస్రీన్‌ని నగర శివారు క్రెయిగీబర్న్‌లోని మా ఇంటికి భోజనానికి పిలిచాం. నా భార్య సుభద్రకు ఆ అమ్మాయంటే ఇష్టం. మా ఇంట్లో హలాల్ ఉండదు కనుక తనకోసం మాంసం మానేసి గుత్తివంకాయ, పప్పుచారు చేసింది. నస్రీన్ విశ్వవిద్యాలయంలో నన్ను సార్ అనేది, ఇంట్లో అంకుల్ అనేది. సుభద్ర దాని మీద ఆట పట్టించింది.

"అక్కడ సార్, ఇక్కడ అంకుల్. థీసిస్ ఫెయిల్ చేస్తే ఏమంటావమ్మా ఈయన్ని?"

"అప్పుడు ఈయనతో మాటల్లేవు ఆంటీ. డైరెక్ట్‌గా మీకే అప్పీల్."

అన్నం తింటూ ఆమె తన రెండో అధ్యాయం గురించి చెప్పింది. ఆ రోజు ఆమె అన్న ఒక మాట తర్వాత నేను ఎన్నో క్లాసుల్లో చెప్పాను. "అమ్మానాయన పర్మిషన్ అక్కర్లేదని రాసినోడు మతం గురించి ఆలోచించి రాయలేదు అంకుల్. పదహారేండ్ల పిల్లోడు యాడ దొరుకుతాడో తెలిసి రాసినాడు."

అంతా బాగుందిగానీ పత్రికలు చూడకుండా ముందుకు పోలేకున్నానని, ఫారం ఇచ్చి ఐదు వారాలైందని ఆమె అంది. ఆ ఫారం నా బల్ల మీదే ఉంది. మొదటి సంతకమే పడలేదు. సెమిస్టర్ పనుల్లో పడి దాన్ని తెరవనైనా లేదు. ఆ సంగతి చెప్పడానికి సిగ్గుపడి నేను అన్నాను: "మొదలుపెట్టెయ్యమ్మా. ఫారం సంగతి నేను చూసుకుంటా."

ఇంగ్లీషులో, ఆఫీసులో అయితే ఆ మాట నా నోట వచ్చేది కాదు. ఆస్ట్రేలియన్ విద్యార్థులకు ఏ చిన్న విషయమైనా ఈమెయిల్‌లోనే చెప్పేవాణ్ణి. మనవాళ్లతో మాత్రం భోజనాల దగ్గర, కారు ఎక్కుతూ, తెలుగులో పని కానిచ్చేవాణ్ణి. దాన్ని చనువు అనుకున్నాను. మాట రాసిపెట్టుకోని చోట ఆ మాట బరువంతా చిన్నవాళ్ల మీదే పడుతుందని నాకు తట్టలేదు.

జూన్‌లో విశ్వవిద్యాలయ నెట్‌వర్క్ మీద నస్రీన్ లాగిన్‌తో ఆ పత్రికలు డౌన్‌లోడ్ అయినట్టు భద్రతా విభాగం కనిపెట్టింది. అప్పుడు వచ్చిన లేఖలో మూడు ప్రశ్నలు. ఈ పత్రికలు ఆమె పరిశోధనకు అవసరమా? ఆమె వాటిని చూస్తున్న సంగతి మీకు తెలుసా? లిఖితపూర్వక అనుమతి ఉందా?

అసోసియేట్ ప్రొఫెసర్‌గా నా పదోన్నతి దరఖాస్తు అప్పుడు కమిటీ ముందుంది. దానికి తోడు, ఏడాది కిందట మా తెలుగువాళ్ల విందులో ఒక డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి, ఆ సబ్జెక్టుకి ఆ పేరున్న అమ్మాయిని ఎందుకు తీసుకున్నారండీ అని అడిగారు. నవ్వి ఊరుకున్నాను కానీ ఆ ప్రశ్న నాలో ఉండిపోయింది. విద్యార్థి పేరు ఇంకొకటి అయితే నేను అంత భయపడేవాణ్ణా? భయపడేవాణ్ణి కాను. ఇది ఒప్పుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది.

నేను రాసింది ఒకే వాక్యం. నా రికార్డుల్లో లిఖితపూర్వక అనుమతి ఏదీ లేదు.

మర్నాడు నస్రీన్ నా గదికి వచ్చింది. తలుపు దగ్గరే నిలబడింది. "సార్, ఆ పొద్దు ఆంటీ ముందర మీరు చెప్పినారు గదా. ఆ ఒక్క మాట వాళ్లకు చెప్తే చాలు."

తెలుగులో అడిగినదానికి నేను ఇంగ్లీషులో జవాబిచ్చాను. విచారణ నడుస్తోంది కనుక ఇకపై ఈ విషయం ఈమెయిల్‌లోనే మాట్లాడుకుందామని అన్నాను. ఆమె సరే సార్ అని వెళ్లిపోయింది. ఈమెయిల్ ఏదీ రాలేదు.

ఆ సాయంత్రం సుభద్రకు చెప్పాను. కాగితం మీద ఏమీ లేదని నచ్చజెప్పబోయాను.

"మన టేబుల్ దగ్గరే కదండీ చెప్పారు. నేను పెరుగు వడ్డిస్తున్నాను. కాగితం లేకపోతే పోయె, నేనున్నాను కదా."

ఆమె మళ్లీ ఆ ఊసెత్తలేదు.

విశ్వవిద్యాలయం కబురు చేస్తే పోలీసులు వచ్చి నస్రీన్ ల్యాప్‌టాప్ తీసుకెళ్లారు. రెండు రోజులు ప్రశ్నించారు. కేసు పెట్టడానికి ఏమీ దొరకలేదు, పెట్టలేదు. కానీ విశ్వవిద్యాలయ విచారణ విడిగా సాగింది. అది తేలేదాకా ఆమె పీహెచ్‌డీ నమోదును నిలిపేశారు. విద్యార్థి వీసా నమోదు మీద ఆధారపడి ఉంటుంది. అక్టోబర్‌లో ఆమె నంద్యాల వెళ్లిపోయింది. ఆమె నిబంధన మీరిందని తేల్చిన విచారణ నివేదికలో ఆమె వాంగ్మూలం చదివాను. ఫారం పూర్తికాకుండా పత్రికలు తెరవడం తన తప్పేనని, పర్యవేక్షకుడికి సంబంధం లేదని రాసి ఉంది. నన్ను కాపాడిందనుకున్నాను. ఆ తర్వాతి నెలలో నాకు పదోన్నతి వచ్చింది.

2019 చివర్లో నేను అదే నిబంధనల కార్యాలయానికి రెండు పేజీల ప్రకటన రాసి ఇచ్చాను. ఏ ఆదివారం, ఎవరి ఇంట్లో, ఏ మాటలతో అనుమతి ఇచ్చానో, ఫారం ఎన్ని వారాలు నా బల్ల మీద ఉందో, లేఖలోని మొదటి రెండు ప్రశ్నలకు నా జవాబేమిటో రాశాను. నాకు అధికారికంగా మందలింపు వచ్చింది. పరిశోధక విద్యార్థులను తీసుకునే హక్కు పోయింది. రిటైరయ్యేదాకా అండర్‌గ్రాడ్యుయేట్ క్లాసులే చెప్పాను. నస్రీన్ మీద ఉన్న నిర్ధారణను కొట్టేసి, తిరిగి చేరమని విశ్వవిద్యాలయం ఆమెకు రాసింది.

అప్పటికి ఆమె కర్నూలులో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఫోన్ చేశాను. క్షమించమని అడిగాను. తిరిగి రానని, తండ్రికి ఆరోగ్యం బాగాలేదని, తన ఫైళ్లన్నీ పోయాయని, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టే ఓపిక లేదని చెప్పింది. వాంగ్మూలంలో నా పేరు ఎందుకు తప్పించావని అడిగాను.

"మీరు కాదంటారని, మీ రూంలో ఇంగ్లీషులో మాట్లాడిన పొద్దే తెలిసింది సార్. ఇద్దరం రెండు రకాలుగా చెప్తే, నేనే అబద్ధం ఆడ్తాండానని అనుకుంటారు. అందుకని అట్ల రాసినా."

రెండేళ్లు నేను దాన్ని నా మీద గౌరవం అనుకున్నాను.

తర్వాత ఆమె ఒక్కటే అడిగింది. నా ప్రకటన తనకూ ఒకటి కావాలంది, సంతకంతో, జిరాక్స్ కాదు. "ఏ దేశం వీసా ఫారంలో అయినా అడుగుతారు సార్, నీ మీద ఎప్పుడన్నా విచారణ జరిగిందా అని. అవునని టిక్కు పెట్టాల. దాని కింద పెట్టేకి నాకేదన్నా కాగితం ఉండాల."

ఈ వృత్తిలో అనుమతి ఇచ్చినవాడు ఇచ్చిన రోజే రాసిపెట్టాలి. రాయకపోతే, అడిగిన రోజైనా ఒప్పుకోవాలి. నేను రెండూ చేయలేదు. ప్రమాదకరమైన రాతలను చదివేవాళ్లు ఉండాలి. లేకపోతే అవి ఎవరిని ఎలా పట్టుకుంటాయో తెలియదు. అలా చదివేవాళ్లకు ఉన్న రక్షణ పర్యవేక్షకుడి సంతకం ఒక్కటే.

క్రెయిగీబర్న్ లైబ్రరీలో వారానికోసారి ఒక జస్టిస్ ఆఫ్ ది పీస్, అంటే ప్రమాణ పత్రాల మీద సాక్షి సంతకం చేసే అధికారం ఉన్నాయన, కూర్చుంటాడు. ఆయన ముందు ఆ ప్రకటనను ప్రమాణ పత్రంగా రాయించి సంతకం చేశాను. సుభద్ర తనది వేరుగా ఒక పేజీ రాసింది, ఆ మాట తాను విన్నానని. రెండూ కలిపి కర్నూలుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. కొన్ని దేశాల కార్యాలయాలు అసలు కాగితాన్ని తమ దగ్గరే ఉంచుకుంటాయట. అందుకని ఆమె ఏదైనా సదస్సుకు దరఖాస్తు పెట్టుకున్నప్పుడల్లా మెసేజ్ పెడుతుంది, నేను మళ్లీ లైబ్రరీకి వెళ్లి కొత్తది చేయిస్తాను. పోయిన నెల పంపింది నాలుగోది.