అరుగుకి అడ్డుగోడ

అరకు వెళ్లే బస్సులో కూర్చుని, ఫోన్‌లో ఒకే ఇంటి ఫొటోని పదేపదే చూసుకుంటున్నాను. కొండ ఊళ్లో ఒక పాత పెంకుటిల్లు కొని, తిరిగి అమ్మడానికి బాగుచేయించాను. నేనూ కొండవాణ్ణే గానీ పెరిగిందంతా పట్నం హాస్టళ్లలో. ఆ వరసలో ఇళ్లన్నిటికీ ఎర్రమట్టి పూత, అన్నిటినీ కలుపుతూ ఒకటే పొడుగాటి అరుగు. నా ఇంటికి మాత్రం తెల్లరంగు, టైల్స్, అరుగుకి రెండు పక్కలా గోడలు. ఆ మధ్యాహ్నమే ఇల్లు చూడ్డానికి మనిషొస్తున్నాడు. ఉన్నదంతా దాంట్లోనే పోశాను.

పక్క సీట్లో, ఒళ్లో అల్లం సంచి పెట్టుకున్న పెద్దావిడ ఫొటోలోకి తొంగిచూసింది.

“పక్కింటోల్లతో ఏటి గొడవ బాబూ?” అంది జాలిగా.

“గొడవేం లేదమ్మా. అమ్మకానికి బాగుచేయించాను.”

“మరి అరుగుకి గోడెట్టీసినారు గదా? మా కొండల్లో మాటల్లేనోల్లే అలాగెడతారు.”

బొటనవేలితో ఒక గోడని కాసేపు మూసి చూసింది. తర్వాతి స్టాపులో దిగిపోయింది.

ఆ గోడలు వెంటనే పడగొట్టమందామని, కట్టిన మేస్త్రీకి ఫోన్ చేశాను. ఘాట్‌లో సిగ్నల్ లేదు.

నేను వెళ్లేసరికే ఇల్లు కొనడానికొచ్చే మనిషి వచ్చేసి ఉన్నాడు. గోడకి అవతల, పక్కింటివాళ్ల అరుగు మీద కూర్చుని, గొంతు తగ్గించి వాళ్లని ఏదో అడుగుతున్నాడు.